మాల తీసిన మర్నాడు ఎక్కడికి వెళ్ళాలి? అన్నగారి తాగుడు గురించి అడిగిన సోదరికి

అమ్మా, మీరు రాసినది రెండుసార్లు చదివాను. ముమ్మిడివరం దగ్గరి పల్లెలో మీ అన్నగారు కొబ్బరి వ్యాపారం చేస్తున్నారని, ఏటా కార్తికంలో అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టరని, మాల తీసిన వారానికల్లా మళ్ళీ తెల్లవారినప్పటి నుంచే మొదలుపెడతారని, రెండుసార్లు డీఅడిక్షన్ కేంద్రంలో చేర్పించినా ఇంటికి వచ్చిన నెల తిరక్కుండానే పాత దారి పట్టారని చెప్పారు. ఎవరో ‘ఏఏ మీటింగులకు పంపండి’ అన్నారట, అంటే తాగుడు మానాలనుకునేవారు కలిసి కూర్చుని మాట్లాడుకునే సంఘం మీటింగులకు. అవి ఎక్కడ జరుగుతాయి, ఎలా కనుక్కోవాలి, అక్కడ ఏం చేస్తారు, మతం మార్చే వ్యవహారమా, ఎంత ఖర్చవుతుంది, అసలు పని చేస్తుందా, ఊళ్ళో తెలిస్తే పరువు పోదా అన్నవి మీ ప్రశ్నలు. నేను పంతొమ్మిదేళ్ళు తాగి, పదకొండేళ్ళుగా తాగకుండా ఉన్నవాణ్ణి. మాది పాలకొల్లు వైపు. వైద్యుణ్ణి కాను, ఆ మీటింగు గదుల్లో ఇన్నేళ్ళు కూర్చున్న మనిషిగా నాకు తెలిసినది చెబుతాను.

ముందుగా ఆ మాల సంగతి. ‘41 రోజులు ఉండగలిగినవాడు ఎప్పటికీ ఉండలేడా, కావాలనే తాగుతున్నాడు’ అని మీ వదినగారు అంటున్నారని రాశారు. మా ఇంట్లోనూ నన్ను ఇదే మాట అన్నారు. మాలలో ఉన్నప్పుడు ఆయన చుట్టూ ఏమేం ఉంటాయో ఒక్కసారి చూడండి. నల్లబట్టలు చూసి ఎవరూ మందు పొయ్యరు. పాత స్నేహితుడు కూడా ‘స్వామీ’ అని పలకరించి తప్పుకుంటాడు. తెల్లవారుజామున స్నానం, సాయంత్రం భజన, తనలాగే నియమంలో ఉన్న పదిమంది పక్కన. మాల తీసిన రోజున ఇవన్నీ ఒక్కపూటలో పోతాయి, దాహం మాత్రం ఎక్కడికీ పోదు. డీఅడిక్షన్ కేంద్రం నుంచి ఇంటికి వచ్చిన రోజూ అంతే. మీ అన్నగారికి మానడం చేతకాక కాదు, మానిన తరువాత వచ్చే మామూలు రోజుల్లో పక్కన నిలబడేవాళ్ళు లేక మళ్ళీ మొదలవుతోంది. మీటింగు ఆ మామూలు రోజుల కోసం ఉన్నది.

అయితే మీటింగుకు ముందు ఒక జాగ్రత్త ఉంది, ఇది ప్రాణానికి సంబంధించినది. ఉదయం ఒక క్వార్టర్ పడితే గాని చేతిలో కాఫీ గ్లాసు నిలబడదని, మాల వేసుకునే ముందు రెండు మూడు రోజులు వణికిపోతూ పడుకుంటారని మీరే రాశారు. ఇంత ముదిరినవారిని ఇంట్లో గది తలుపు వేసి ‘ఈ రోజు నుంచి బంద్’ అని మాన్పించకూడదు. చివరిసారి తాగిన ఆరేడు గంటలకు వణుకు, చెమట, గుండెదడ మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో మూర్ఛలు రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి చెదిరి, గోడల మీద పురుగులు పాకుతున్నట్టు, లేని మనుషులు పిలుస్తున్నట్టు అనిపిస్తుంది. దీన్ని వైద్యులు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. మన పల్లెల్లో గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించడానికి తీసుకెళ్ళి, ఆసుపత్రిలో గడపవలసిన ఆ కొద్ది గంటలను పోగొట్టుకుంటారు. ఇన్నేళ్ళు గండం గడిచింది కాబట్టి ఈసారీ గడుస్తుందని అనుకోవద్దు, ఎందుకంటే మానడం, మళ్ళీ మొదలుపెట్టడం ఎన్నిసార్లు జరిగితే ఈ లక్షణాలు అంతగా ముదిరే అవకాశం ఉంది. వైద్యుడి పర్యవేక్షణలో అయితే వణుకును, మూర్ఛలను ఆపే మాత్రలు ఇచ్చి, కొన్ని రోజుల్లో మోతాదు తగ్గిస్తూ ఆపేస్తారు, థయమిన్ అనే బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. నీరసంగా ఉన్నారని ఊళ్ళో ఆర్‌ఎంపీ చేత గ్లూకోజ్ సీసా ఎక్కించేవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను: ఏళ్ళ తరబడి తాగినవారికి థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడ చూపించండి. మూర్ఛ వచ్చినా, మాట తడబడి మనుషులను గుర్తుపట్టకపోయినా ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యండి.

ఇక మీటింగు ఎలా కనుక్కోవాలన్నది. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో తాగుడుతో చితికిపోయిన ఒక షేర్ల వ్యాపారి, అదే స్థితిలో ఉన్న ఒక శస్త్రవైద్యుడు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడంతో అది మొదలైంది. తాగాలనిపించినప్పుడు తనలాంటి మరొకడితో కూర్చుని మాట్లాడితే ఆ గంట గడుస్తుందన్నది వాళ్ళు కనిపెట్టిన విషయం. మిగిలినదంతా దాని మీద కట్టినదే. మన దేశంలో దీని ప్రధాన సేవా కార్యాలయం ముంబైలో ఉంది. వారి వెబ్‌సైటులో ఊళ్ళవారీగా మీటింగుల వివరాలు, ఫోన్ నంబర్లు ఉంటాయి. రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం పేర్లతో వెతకండి. దొరికిన నంబరుకు ముందు ఫోన్ చేసి రోజు, వేళ, చోటు నిర్ధారించుకున్నాకే బయలుదేరండి. ఎవరో ఇచ్చిన గదుల్లో జరిగే మీటింగులు కాబట్టి చోటు మారుతూ ఉంటుంది. రెండో దారి, మానసిక వైద్య విభాగంలో గాని, పాత డీఅడిక్షన్ కేంద్రంలోని కౌన్సెలర్‌ను గాని అడగడం. ఏఏ సభ్యులు వార్డులకు వెళ్ళి రోగులతో మాట్లాడే అలవాటు చాలా చోట్ల ఉంది కనుక అక్కడి నర్సులకు తెలిసి ఉంటుంది. మూడోది ప్రభుత్వ ఫోన్ సేవలు: వ్యసనాల కోసం 14446, మానసిక ఆరోగ్యం కోసం 2022లో మొదలైన టెలీమానస్ 14416. రెండూ ఉచితం.

ఏఏ నంబరుకు ఫోన్ మీరు చేసినా, వీలైనంత త్వరగా అన్నగారి చేతికి ఇవ్వండి. అవతలి మనిషి ఉపన్యాసం చెప్పడు, తన సంగతి చెబుతాడు. ఆయన ఒప్పుకుంటే సభ్యులు ఇద్దరు కలిసి ఇంటికి వచ్చి మాట్లాడడం కూడా ఈ సంఘంలో మొదటి నుంచీ ఉన్న పద్ధతే.

దారి గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మన ప్రాంతం తెలియనివారు ఎవరూ మీకు ఇది చెప్పరు. ముమ్మిడివరం నుంచి కాకినాడ వెళ్ళాలంటే ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగానే వెళ్ళాలి. అది పుదుచ్చేరికి చెందిన ఊరు. అక్కడ మద్యం కోసం మన వైపు నుంచి జనం ఎంతకాలంగా వెళుతున్నారో మీకు తెలుసు. మానిన మొదటి వారాల్లో మనిషిని ఒంటరిగా ఆ బస్సు ఎక్కించడమంటే పరీక్ష పెట్టడమే. ఎవరైనా తోడు వెళ్ళండి, లేదా కాస్త దూరమైనా రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరం వైపు మీటింగు ఉందేమో చూడండి. తిరుగు బస్సు వేళ కూడా ముందే చూసుకోండి. చాలా మీటింగులు సాయంత్రం మొదలై ఎనిమిది దాటాక ముగుస్తాయి. బస్సు తప్పిపోయి బస్టాండులో రెండు గంటలు ఖాళీగా కూర్చోవడం కొత్తగా మానినవాడికి మంచిది కాదు. వారానికి ఒకటే మీటింగు దొరికితే మిగిలిన రోజుల్లో ఫోన్‌లో జరిగే మీటింగులు వాడుకోవచ్చు. కోవిడ్ నుంచి అవి బాగా పెరిగాయి. తెలుగులో జరిగేవి ఏవో ఆ ముంబై కార్యాలయాన్నే అడగండి.

నేను మొదటిసారి వెళ్ళినది పొరుగు పట్టణంలోని ఒక మిషన్ స్కూలు తరగతి గదికి. గేటు ముందు నుంచి రెండుసార్లు దాటి వెళ్ళిపోయి, మూడోసారి లోపలికి వెళ్ళాను. పిల్లలు కూర్చునే బల్లల మీద పదిమందికి పైగా ఉన్నారు. ‘ఆయ్, రండి, ఇలా కూర్చోండి’ అని ఒకాయన టీ గ్లాసు చేతికిచ్చారు. పేరు రాసుకోలేదు, ఆధార్ అడగలేదు. నడిపించే ఆయన ఒక చిన్న ప్రకటన చదివారు: ఈ సంఘంలో చేరడానికి కావలసిన ఒకే ఒక అర్హత తాగుడు మానాలన్న కోరిక అని. తరువాత ఒక్కొక్కరు తమ పేరు చెప్పి, ‘నేను ఆల్కహాలిక్‌ని’ అని మొదలుపెట్టి ఐదు, పది నిమిషాలు మాట్లాడారు. మాట్లాడేవారికి ఎవరూ అడ్డు రాలేదు, సలహా ఇవ్వలేదు, చివర ప్రశ్నలు వెయ్యలేదు. ఒక ఆటో డ్రైవరు తన కూతురి ఓణీల ఫంక్షన్ రోజున భోజనాల సామాను డబ్బుతో తాగి, మర్నాడు మధ్యాహ్నం ఇంటికి వెళ్ళిన సంగతి చెప్పాడు. అలాంటిది నా జీవితంలోనూ ఒకటి ఉంది. అది నేను అప్పటి వరకు మా ఆవిడతో కూడా పూర్తిగా చెప్పలేదు. అతను దాన్ని పదిమంది ముందు, ఏడవకుండా, తన్ను తాను తిట్టుకోకుండా చెప్పగలగడం చూసి నాకు ఒళ్ళు జలదరించింది. ఆ రాత్రి నేను తాగలేదని చెప్పలేను, తాగాను. కాని తరువాతి వారం మళ్ళీ వెళ్ళాను. మీ అన్నగారు మొదటి మీటింగు నుంచి వచ్చి ‘అక్కడ ఏమీ లేదు, ఎవరి సొద వాళ్ళు చెప్పుకుంటారు’ అంటే నిరాశపడకండి. కనీసం ఆరేడు మీటింగులకు వెళ్ళాక నిర్ణయించుకోమనండి. మాట్లాడడం ఇష్టం లేకపోతే ‘ఈ రోజు వింటాను’ అంటే చాలు.

మతం విషయం సూటిగా చెబుతాను. తరచుగా మీటింగులు చర్చి ఆవరణలో గాని, మిషన్ స్కూలులో గాని జరుగుతాయి. సాయంత్రం ఖాళీగా ఉండే గది వారి దగ్గర దొరుకుతుంది గనుక. గది అద్దె ఇచ్చుకోవడమే తప్ప ఆ చర్చికీ దీనికీ సంబంధం లేదు. ఏఏ ఏ మతానికీ, పార్టీకీ, సంస్థకూ చెందదు. పన్నెండు మెట్లు అనే దాని పద్ధతిలో దేవుడి ప్రస్తావన ఉన్న మాట నిజం. కాని ‘మేము అర్థం చేసుకున్న దేవుడు’ అన్నదే అక్కడి మాట. మా గదిలో వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు తిరిగే ఆయన, ఆదివారం ప్రార్థనకు వెళ్ళే ఆయన, దేవుడే లేడనే ఆయన పక్కపక్కనే కూర్చుంటారు. ఎవరైనా వ్యక్తిగతంగా మతప్రచారం చేస్తే అది ఆ మనిషి తప్పు; ఆ గది మానేసి ఇంకో గదికి వెళ్ళండి. మీ అన్నగారు మాల వేసుకోవడం మానవలసిన పని లేదు.

పరువు గురించి మీ భయం అర్థమైంది. ఊళ్ళో ఆయన తాగి పడిపోయిన సంగతి అందరికీ తెలిసినా, మానడానికి వెళుతున్నాడన్నది తెలియకూడదని మనం తాపత్రయపడతాం. నేనూ అలాగే ఉన్నాను కాబట్టి దీన్ని తప్పుపట్టను. అక్కడ విన్నది, చూసినది అక్కడే వదిలి రావాలన్నది గట్టి నియమం. మన ప్రాంతానికి సంబంధించి ఇందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచినది ఇంటిపేరు అడగకపోవడం. ఇంటిపేరు చెప్పగానే ఏ ఊరు, ఏ కులం, ఎవరి తాలూకు, ఎన్ని ఎకరాలు అన్నవన్నీ మన దగ్గర తేలిపోతాయి. అక్కడ పేరు ఒక్కటే. పదకొండేళ్ళ క్రితం నాకు టీ ఇచ్చిన ఆయన ఇంటిపేరు నాకు ఇవాళ్టికీ తెలియదు. రాత్రి రెండు గంటలకు ఫోన్ చెయ్యగల నలుగురిలో ఆయన మొదటివాడు. తెలిసినవారు ఎదురవుతారని భయమైతే సొంత ఊరికి దగ్గర మీటింగు వదిలి, నదికి అవతలి ఒడ్డున వెతకండి. తెలిసినవారు కనబడినా, వాళ్ళూ అందుకే వచ్చారు.

ఫీజు లేదు. చివర ఒక సంచి తిప్పుతారు, గది అద్దెకు, టీకి పదో ఇరవయ్యో వేస్తారు, వెయ్యకపోయినా అడగరు. ఎవరైనా ఫీజు కట్టమన్నా, మందులు అమ్మినా అది ఏఏ కాదు. కొన్నాళ్ళకు ఒక పాత సభ్యుణ్ణి స్పాన్సర్‌గా, అంటే దారి చూపే పెద్దన్నలా, ఎంచుకుంటారు. ఆడవాళ్ళూ సభ్యులుగా ఉంటారు. తాగుడు సమస్య ఉన్నవారికి మాత్రమే జరిగే మీటింగులు, అందరూ రాగలిగేవి అని రెండు రకాలు ఉంటాయి, మీరు రెండో రకానికి ఆయనతో వెళ్ళవచ్చు.

ఇది పని చేస్తుందా అని అడిగారు. 2020లో కోక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్షా సంస్థ 27 అధ్యయనాలను, 10,565 మంది వివరాలను పరిశీలించి, ఏఏతో కలిపి పద్ధతిగా నడిపిన చికిత్స పూర్తిగా మానుకుని ఉండే విషయంలో ఇతర ప్రసిద్ధ చికిత్సలకంటే ఎక్కువ ఫలితం ఇచ్చిందని తేల్చింది. అందరికీ పడుతుందని దీని అర్థం కాదు. మా గదికి వచ్చి నిలబడనివారు చాలామంది ఉన్నారు. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటి, తాగాలన్న కోరికను తగ్గించే మందులు వైద్యుడు రాస్తే మీటింగుతో పాటు వాడవచ్చు. ‘మీటింగుకు వస్తే మాత్రలెందుకు’ అనే సభ్యుడు ఒకరిద్దరు తగలవచ్చు. వైద్యం చెప్పడం సభ్యుల పని కాదని ఆ సంఘమే చెబుతుంది, వినవద్దు.

మందుల మాట వచ్చింది కాబట్టి, మీ బంధువు ఇచ్చిన ‘కాఫీలో తెలియకుండా కలిపే మాత్ర’ సలహాను దయచేసి పాటించకండి. ఆ మాత్ర చాలావరకు డైసల్ఫిరామ్ అయి ఉంటుంది. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ వచ్చి, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర ఆపిన రెండు వారాల వరకు కూడా ఆ ప్రభావం ఉండవచ్చు. అది తెలిసి, ఒప్పుకుని, వైద్యుడి పర్యవేక్షణలో వేసుకోవలసిన మందు. అలాగే ఇంటి నుంచి ఎత్తుకుపోయి తలుపులు వేసి ఉంచే కేంద్రాల జోలికి పోకండి. నన్ను ఒకసారి అలాంటి చోట నలభై రోజులు ఉంచారు, కొట్టారు. బయటికి వచ్చిన రోజున మా వాళ్ళ మీద కసితో తాగాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక స్థితులకూ వర్తిస్తుంది, రోగికి హక్కులున్నాయి. ఏ కేంద్రమైనా చేర్చే ముందు రిజిస్ట్రేషన్ పత్రం చూపించమనండి.

మళ్ళీ తాగితే ఏం చెయ్యాలన్నది మీరు అడగలేదు, నేనే చెప్పాలి. మానిన ఐదో నెలలో సంక్రాంతి వచ్చింది. భోగి రోజు మీటింగుకు వెళ్ళాను, కనుమ రోజు బావమరిది పిలిచాడని కోడిపందేల బరి దగ్గరికి వెళ్ళాను, అంతే. పదిహేను రోజులు ముఖం చూపించలేక తిరిగాను. తిరిగి వెళ్ళినప్పుడు ఎవరూ ‘ఎందుకు తాగావు’ అనలేదు, కుర్చీ జరిపారు. ఇప్పుడు మా గదిలో పండుగ మూడు రోజులూ సాయంత్రం తప్పకుండా కలుస్తాం, పొద్దున్న ఒకరికొకరు ఫోన్ చేసుకుంటాం, పెళ్ళికి వెళ్ళాలంటే భోజనం వేళకు వెళ్ళి విస్తరి ఎత్తగానే వచ్చేస్తాం. మీ అన్నగారికి సంక్రాంతి, జగ్గన్నతోట తీర్థం, సరుకు డబ్బు చేతిలో పడే రోజు గండాలు అవుతాయి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ లెక్కలు కొన్ని నెలలు ఇంకొకరు చూసేలా చెయ్యగలిగితే మంచిది.

ఇక మీ వదినగారు. ఆవిడ షాపులో అప్పు తీరుస్తున్నారని, వ్యాపారులు ఫోన్ చేస్తే ‘జ్వరం’ అని చెబుతున్నారని రాశారు. ప్రేమతో చేసినా, తాగిన దాని ఫలితం ఆయనకు తగలకుండా అడ్డుపడటమే అవుతుంది అది. కుటుంబసభ్యుల కోసం అల్‌ఆనాన్ అనే వేరే మీటింగులు 1951 నుంచి ఉన్నాయి. ఆయన మీటింగుకు వెళ్ళినా వెళ్ళకపోయినా ఆవిడ వెళ్ళవచ్చు. ఈ జబ్బు ఆవిడ వల్ల రాలేదు, ఆవిడ అదుపులో ఉండదు, ఆవిడ నయం చెయ్యలేరు అన్న మూడు మాటలను తనలాంటి ఆడవాళ్ళ నోట వింటే నిద్ర పడుతుంది. మా ఆవిడ నాకంటే నాలుగు నెలలు ముందే వెళ్ళింది. మా ఇంట్లో అరుపులు ఆగినది అప్పుడే, నేను తాగుతుండగానే.

ఈ వారంలో మీరు చెయ్యవలసినవి రెండే: ముందు డాక్టరుకు చూపించడం, తరువాత ఒక ఫోన్ చెయ్యడం. ఆయన ఉదయం కొంచెం తెలివిగా ఉన్న వేళ చూసి, పోట్లాట లేకుండా, ‘ఒక్కసారి వెళ్ళి వద్దాం, నచ్చకపోతే వచ్చేద్దాం’ అని అడగండి. వెళ్ళి వచ్చిన రాత్రి అక్కడ ఎవరున్నారు, ఏం మాట్లాడారు అని అడగకండి. భోజనం వేడిగా పెట్టి, తరువాతి మీటింగు ఏ రోజో మాత్రం గుర్తు చెయ్యండి.